నలభై పాటల వరస

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఉదయం మా రేడియో స్టేషన్ గోడ మీద అట్టచక్రం ఒకటి వెలిసింది. గడియారంలా గుండ్రంగా ఉంది. ఎర్రముక్కలు గొంతు పాటలకి, నీలంముక్కలు వాద్యాలకి. మధ్యమధ్యలో సన్నటి తెల్లచీలికలు. ఆ చీలికలు మనిషి మాట్లాడటానికి. ఒక్కోటి ఇరవై సెకన్లు.

మా ఆయన రాస్కో కోటు మీద మంచు దులుపుకోకుండానే దాని ముందు నిలబడి, ఒక చుట్టు పూర్తిగా చూశాడు.

"ఇరవై సెకన్లా? నేను గొంతు సవరించుకోవడానికే పదిహేను పడుతుంది" అన్నాడు.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

అది 1987. పిట్స్‌బర్గ్‌లో ఉక్కు మిల్లులు ఒకదాని వెనక ఒకటి మూతపడి, మా హిల్ పేటలో సగం దుకాణాలకు చెక్కలు కొట్టేసిన రోజులు. అలా మూసేసిన ఒక ఫర్నిచరు షాపు పైఅంతస్తులో మా జాజ్ స్టేషన్ నడిచేది. రాస్కో అందులో పందొమ్మిదేళ్ళుగా పగలు పది నుంచి రెండింటిదాకా మాట్లాడేవాడు. పాటలూ వేసేవాడు, కాని జనం రేడియో తిప్పింది ఆయన మాటల కోసం.

"లేచినవాళ్ళకి దండాలు. లేవబోయేవాళ్ళకి కాఫీ. లేవలేనివాళ్ళు ఏ ఆసుపత్రిలో ఏ గదిలో ఉన్నారో ఫోన్ చేసి చెప్పండి" అని మొదలుపెట్టేవాడు. ఫోన్లు వచ్చేవి. ఫలానా గదిలో తుంటి విరిగిన ఫలానా పెద్దావిడకు ఈ శాక్సఫోన్ అని చెప్పి, ఆవిడ చేసే చిలగడదుంప తీపిరొట్టె గురించి, ఆవిడ మొగుడు ఆదివారం పెట్టుకునే టోపీ గురించి రెండు ముక్కలు కలిపేవాడు. అందులో అబద్ధాలూ ఉండేవి. ఎవరూ కాదనేవారు కాదు.

డిసెంబరు వస్తే రోజుకు ఒక్కటే పండగ పాట వేసేవాడు. ఏ గంటకు వేస్తాడో చెప్పేవాడు కాదు. ఎల్జిన్ నడిపే బార్బర్ షాపులో దాని మీద పందాలు నడిచేవి. వేళ సరిగ్గా చెప్పినవాడికి ఆ రోజు వరసలో కూర్చోకుండా ముందు కుర్చీ దొరికేది. "పండగ పాట ఉప్పులాంటిది. కూరలో ఉప్పు పడాలిగాని ఉప్పులో కూర పడకూడదు" అనేవాడు రాస్కో.

నేను అదే స్టేషన్లో రికార్డుల గదిలో ఉండేదాన్ని. పదకొండు వేల రికార్డుల్లో ఏది ఏ అరలో ఉందో చీకట్లో కూడా తీసేదాన్ని. ఏ పాట తర్వాత ఏది వేస్తే మొదటిది ఇంకాస్త బతుకుతుందో కూడా నాకు తెలుసు. పదహారేళ్ళలో ఆ సంగతి నన్నెవరూ అడగలేదు.

ఆ అక్టోబరులో డ్వైట్ ఎన్‌స్లీ అడిగాడు. క్లీవ్‌లాండ్ నుంచి కొత్తగా వచ్చిన మేనేజరు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, మర్యాదస్తుడు.

"తలుపు వేసి కూర్చోండి మిసెస్ మేబ్రీ. ఈ చలికాలం వినేవాళ్ళు పెరగకపోతే బోర్డు జాజ్ ఎత్తేస్తుంది. స్టేషన్ తీసుకుని రోజంతా ప్రసంగాలు పెట్టుకుంటామని ఒక సంస్థ కాచుక్కూర్చుంది."

"రాస్కోకి చెప్పారా?"

"చెప్తే మైకులో అనేస్తాడు."

అది కాదనలేకపోయాను.

"ఆఫీసుల్లో, పళ్ళ డాక్టర్ల దగ్గర, బట్టల షాపుల్లో పొద్దున పెడితే సాయంత్రందాకా ఆపకుండా ఉంచుకోవాలి. అన్నీ క్రిస్మస్ పాటలే, కాని అన్నీ జాజే. నలభై చాలు. అవే తిప్పితిప్పి వేస్తాం. ఆ నలభై మీరు ఏరి, వరస కట్టి ఇవ్వాలి. ఈ ఊళ్ళో మీ చెవిని మించిన చెవి లేదంటారు అందరూ."

అందరూ అంటే ఎవరని నేను అడగలేదు. ఆ ఒక్క మాట కోసం నేను పదహారేళ్ళుగా ఆకలితో ఉన్నానని అప్పుడే తెలిసింది.

"నా పేరు బయటికి రాకూడదు" అన్నాను.

"క్లీవ్‌లాండ్ నిపుణుడొకాయన పంపాడని చెబుదాం" అన్నాడు డ్వైట్. దాంతోపాటు నన్ను ప్రోగ్రాం డైరెక్టర్‌ని చేశాడు. అంటే చక్రం దాటి ఎవరు మాట్లాడినా ఆపాల్సిన మనిషిని నేనే.

మూడు వారాలు రికార్డుల గదిలో తలుపు వేసుకుని ఆ వరస కట్టాను. నా జీవితంలో అంత సుఖంగా ఏ పనీ చెయ్యలేదు. ఒక పియానో ఎక్కడ ఊపిరి వదులుతుందో అక్కడ ఇంకో బాకా ఊపిరి తీసుకునేలా పేర్చాను. నలభయ్యో పాట చివర మళ్ళీ మొదటిదానికి దారి వదిలాను. అలా దారి వదిలినందుకే అది ఆగకుండా తిరిగింది. ఉదయం ఐదు నుంచి అర్ధరాత్రిదాకా, రోజుకు ఎనిమిదిసార్లు.

రాస్కో గొడవ చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. తెల్లచీలిక రాగానే తన పేరు, వేళ, చలి ఎంతో చెప్పి ఊరుకునేవాడు. పన్నెండు సెకన్లకు మించలేదు ఎప్పుడూ. మొదటి వారం దాటేసరికి ఇంట్లో కూడా ఆయన మాట ఆ కొలతకే వచ్చింది.

మాకు ఒకటే కారు. నది అవతల నార్త్ సైడ్‌లో మా ఇల్లు. పొద్దున ఇద్దరం కలిసి వెళ్ళి సాయంత్రం కలిసి వచ్చేవాళ్ళం. కారులో రేడియో పెట్టేది ఆయనే. తన పేటలో తన స్టేషన్ వినని మనిషిని ఆయన నమ్మడు. వంతెన ఎక్కేటప్పుడు ఏ పాట వస్తుందో నాకు ముందే తెలిసేది. నా పాటలే నాకు ఎదురొచ్చేవి. రెండో వారానికి వాటి మీద మోజు పోయింది. మూడో వారానికి, ప్రేమగా ఏరుకున్న ఆ పియానో వినబడితే పన్నునొప్పి మొదలైనట్టుండేది. ఆపెయ్యమని ఆయనతో అనలేను. అంటే ఎందుకంటాడు.

ఇంట్లో మా అత్తగారు. చర్చిలో అందరూ ఆమెను మదర్ అనేవారు, నేనూ అంతే. షుగరు జబ్బుకి ఒక కాలు పోయి, రోజంతా వంటింట్లో కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉండేది. ఎదురుగా రేడియో.

"పిల్లా, ఆ స్టేషన్లో నా కొడుకుని కుర్చీకి గాని కట్టేశారా?" అంది ఒక సాయంత్రం, నేను ఆకుకూర కడుగుతుంటే.

"లేదు మదర్. పండగ రోజులు కదా, పాటలు ఎక్కువ."

"ఎక్కువా? నాకు ఒంటికాలు ఉన్నమాట నిజమే కాని ఒంటిచెవి కాదు. నలభై ఉన్నాయి. లెక్కపెట్టాను. ఇదిగో, ఇప్పుడు గంటలు కొడతారు చూడు."

గంటలు కొట్టారు.

"తర్వాత ఒక పెద్దమనిషి మంచు పడిందని సంతోషిస్తాడు. వాడెప్పుడూ మంచు ఎత్తి ఉండడు" అంది.

రాస్కో బల్ల దగ్గర పేపరు చూస్తున్నాడు. పూర్వమైతే ఆ మాటకి ఇల్లు అదిరేలా నవ్వేవాడు.

"ఏరా, నోట్లో ఏముంది?" అంది ఆమె కొడుకుతో.

"నాలుకే ఉందమ్మా."

"ఆరోగ్యంగానే ఉందా?"

"విశ్రాంతి తీసుకుంటోంది."

ఎల్జిన్ తన షాపులో రేడియో ఆపేశాడని తెలిసింది. కాని ఊరి బయటి పేటలనుంచి, మా స్టేషన్ పేరు కూడా ఎప్పుడూ విననివాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. పళ్ళ డాక్టరు ఒకాయన, తన రోగులు ఇప్పుడు అరవడం లేదని రాశాడు. డ్వైట్ వాటిని అట్టపెట్టెలో పోగుచేసి రోజూ నాకు చూపించేవాడు. "మీరు మనల్ని బతికించారు" అనేవాడు తలుపు వేసి. మళ్ళీ తలుపు తీసేటప్పుడు ఆ మాట లోపలే ఉండిపోయేది.

డిసెంబరు పదిహేనున ఒక ఫోను వచ్చింది. నేనే తీశాను.

"నేను వెండెల్ గ్రైమ్స్‌ని అండీ. మా అమ్మ ఓజెల్లా గ్రైమ్స్, మీ ఆయనకి తెలుసు. ఆసుపత్రిలో ఉంది, ఆరొందల పన్నెండో గది. వారమో పదిరోజులో అంటున్నారు. ఆయన ఒక్కసారి అమ్మ పేరు చెప్తే బాగుంటుంది."

"ఇప్పుడు పేర్లు చదవడం లేదు బాబూ. జనవరి రెండు నుంచి మళ్ళీ మామూలే."



"జనవరా" అన్నాడు. తర్వాత మర్యాదగా థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

అద్దానికి అవతల రాస్కో చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. లేచి పది అడుగులు వేస్తే చెప్పొచ్చు. చెప్తే ఆయన మైకు తీసి ఓజెల్లా గ్రైమ్స్ గురించి పది నిమిషాలు మాట్లాడతాడు. డ్వైట్ ఆయన్ని సాయంత్రానికల్లా పంపేస్తాడు. అందుకే చెప్పలేదని ఆ రాత్రి నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. ఆ పది నిమిషాల్లో నా వరస తెగిపోతుందని కూడా అప్పుడు నాకు తట్టింది. అదీ నిజమే.

ఇరవై మూడున మంచు గట్టిగా పడింది. సాయంత్రం వంతెన మధ్యలో కార్లన్నీ ఆగిపోయాయి. ముందు ఎక్కడో లారీ అడ్డం తిరిగిందట. కింద నది నల్లగా ఉంది, రెండు పక్కలా కార్లు, దిగి నడవడానికి కూడా లేదు. వైపర్లు ఆడుతున్నాయి. రేడియోలో ఒక క్లారినెట్ నెమ్మదిగా సాగుతోంది.

"ఎల్జిన్ ఫోన్ చేశాడు. ఓజెల్లా గ్రైమ్స్ నిన్న పోయిందట" అన్నాడు రాస్కో.

"అయ్యో."

"వెండెల్ పదిహేనున మనకి ఫోన్ చేశాడట. ఎవరో ఆడమనిషి జనవరి అందట."

"నేనే" అన్నాను.

"ఊఁ."

ముందు కారు రెండు అడుగులు కదిలింది. మేమూ రెండు అడుగులు కదిలాం. క్లారినెట్ చివరి స్వరం దగ్గరికి వచ్చింది. అది ఎక్కడ ఆగిందో తెలియకుండా అదే స్వరం మీద ఒక ఆడగొంతు, తోడు ఏ వాద్యమూ లేకుండా, అందుకుంది.

"ఇరవై ఆరు, ఇరవై ఏడు" అన్నాడు రాస్కో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఈ రెండూ పక్కపక్కన పెట్టే మనిషి క్లీవ్‌లాండ్‌లో లేడు. అరవై ఎనిమిదిలో నేను కొత్తగా చేరినప్పుడు, రికార్డుల దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయి ఇవే రెండు నా చేతిలో పెట్టి, మధ్యలో నోరు తెరవకుండా వెయ్యండి అంది. ఆ అమ్మాయిని పెళ్ళిచేసుకున్నాను."

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. చేతితొడుగులు తీసి మళ్ళీ తొడుక్కున్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. పదకొండున్నరకి."

"మరి అడగలేదేం?"

"మంచి వరస ఎర్లీన్. నేను అంత బాగా కట్టలేను. నువ్వే చెప్తావని చూశాను. రోజూ కారెక్కేటప్పుడు ఇవాళ చెప్తుంది అనుకునేవాణ్ణి. రేడియో కూడా అందుకే పెట్టేవాణ్ణి."

ఆ తర్వాత వంతెన దిగడానికి యాభై నిమిషాలు పట్టింది. అంతసేపూ నా పాటలు వస్తూనే ఉన్నాయి.

పండగ రోజు కూడా ఆయన పదింటికి కుర్చీలో కూర్చున్నాడు. డ్వైట్ తల్లిదండ్రుల దగ్గరికి క్లీవ్‌లాండ్ వెళ్ళాడు. నేనూ స్టేషన్‌కి వెళ్ళాను. ఎవరో ఒకరు చక్రం చూసుకోవాలి కదా. నాలుగు గంటలూ ఆయన తన పేరు, వేళ, చలి తప్ప ఏమీ చెప్పలేదు. రెండింటికి రెండు నిమిషాలుందనగా చివరి తెల్లచీలిక వచ్చింది. ఆయన మైకు దగ్గరికి వంగాడు.

"నేను రాస్కో మేబ్రీని. ఈ నెలంతా మీరు విన్న పాటల వరస కట్టింది ఎక్కడివాడో నిపుణుడు కాదు. నా భార్య, ఎర్లీన్ మేబ్రీ. చాలా బాగా కట్టింది. అందరికీ పండగ శుభాకాంక్షలు."

నా కళ్ళు అలవాటుకొద్దీ గడియారం మీదికి పోయాయి. పద్దెనిమిది సెకన్లు. నియమం దాటలేదు. ఆపడానికి నాకు కారణం లేదు.

ఆయన హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, అద్దంలోంచి నా వైపు చూశాడు. కోపంగా లేడు. నవ్వలేదు కూడా. అది నాకు దక్కాల్సిన పేరు ఇప్పించడమో, పేటందరి ముందు నిలబెట్టడమో నేను ఈనాటికీ తేల్చుకోలేదు. అడగలేదు. మా ఇంట్లో అడగకపోవడం అప్పటికే అలవాటైంది.

ఇంటికి వెళ్ళేసరికి మదర్ కొత్త శాలువా కప్పుకుని కిటికీ దగ్గరే ఉంది.

"పిల్లా, ఆ గంటల పాట నీ పనేనా?"

"అవును మదర్."

"ఆ క్లారినెట్ తర్వాత వచ్చే ఆడదాని గొంతు?"

"అదీ నేనే."

"అది బాగుంటుంది" అంది. శాలువా సర్దుకుని, "మిగతా ముప్ఫై తొమ్మిదింటికీ దేవుడు క్షమిస్తాడులే" అంది.

రాస్కో నవ్వాడు. నాలుగు వారాల తర్వాత ఆ ఇంట్లో ఆ నవ్వు విని నేను పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాని ఆ నవ్వు తల్లి వైపే వెళ్ళింది.

ఇరవై ఎనిమిదిన ఓజెల్లా గ్రైమ్స్ అంత్యక్రియలు. చర్చి నిండింది. మేము లోపలికి వస్తుంటే ఎల్జిన్ రాస్కోకి చెయ్యి ఇచ్చాడు, నాకు తల ఊపాడు. పాదిరిగారు పిలిస్తే రాస్కో లేచి మాట్లాడాడు. ఇరవై నిమిషాలు. ఓజెల్లా ఒకప్పుడు పండగ హామ్ మాంసం మాడ్చేసి, పొగ చూసి వచ్చిన ఫైరింజను వాళ్ళకి అదే వడ్డించిన కథ చెప్పాడు. ఆమె వార్డులో ఇంకా మిగిలినవాళ్ళ పేర్లు, గది నంబర్లు చెప్పాడు. జనం ఏడుస్తూనే నవ్వారు. నెలరోజులు లోపల దాచుకున్నదంతా బయటికి వచ్చింది. నేను మూడో వరసలో కూర్చుని, ఇదంతా గాలిలో వెళ్ళాల్సింది కదా అనుకున్నాను.

బయట మెట్ల మీద వెండెల్ నా దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, బస్సు డ్రైవరు. నేను క్షమాపణ చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తాడు.

"పాటలు బాగున్నాయి మేడమ్. అమ్మ చివరిదాకా రేడియో ఆపనివ్వలేదు. నర్సులు విసుక్కున్నారు కూడా. రెండు పాటల మధ్య మీ ఆయన మా అమ్మ పేరు చెప్తాడేమోనని. చీమ చిటుక్కుమన్నా మమ్మల్ని ఊరుకోమనేది."

ఆయన ఆ మాట నన్ను గుచ్చడానికి అనలేదు. తల్లి గురించి ఎవరికైనా చెప్పుకోవాలనిపించి చెప్పాడు, అంతే. నేను ఆయన చెయ్యి పట్టుకుని, మంచిదన్నాను. ఏది మంచిదో నాకే తెలియదు.

కొత్త సంవత్సరం నాడు బోర్డువాళ్ళు డ్వైట్‌కి ఫోన్ చేశారు. డ్వైట్ నాకు చేశాడు. జాజ్ ఉంటుంది. ఇంకో మూడేళ్ళకు సంతకాలు పెడతారట. రాస్కో పేర్లు చదువుకోవచ్చు, కావలసినంతసేపు మాట్లాడుకోవచ్చు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరుగెత్తినట్టే వెళ్ళి చెప్పాను.

రాస్కో తల్లికి మందులు వేస్తున్నాడు. చివరి మాత్ర మింగేదాకా గ్లాసు పట్టుకున్నాడు.

"మంచి కబురు" అన్నాడు. "నేను రేపట్నించి ముసలివాళ్ళను ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యాను నడుపుతున్నాను. వంతెన మీద ఆగిపోయిన మర్నాడే ఒప్పుకున్నాను."

"అదేంటి? ఇప్పుడు నిన్నెవరూ ఆపరు కదా."

"తెలుసు."

"అయితే నేనూ మానేస్తాను. నేనే మానేస్తాను, నువ్వు ఉండు."

ఆయన గ్లాసు కడిగి బోర్లించాడు. మదర్ మా ఇద్దరినీ మార్చిమార్చి చూస్తోంది.

"ఈ ఊళ్ళో ఒకే ఇంట్లో ఇద్దరు ఉద్యోగం వదులుకుంటే ఈవిడ గతేంటి? వ్యానువాళ్ళిచ్చేది దేనికీ చాలదు. ఇద్దరం మానలేం ఎర్లీన్. ముందు లేచినవాళ్ళకి తలుపు దొరికింది. నేను కాస్త ముందు లేచాను" అన్నాడు. గొంతులో వెటకారం లేదు. భుజం మీద చెయ్యి కూడా వేశాడు.

మర్నాడు పని చూపించడానికి పాత డ్రైవరు వ్యాను తెచ్చి వాకిట్లో హారన్ కొట్టాడు. రాస్కో కారు తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళాడు. వ్యాను మలుపు తిరిగేలోపే లోపలెవరికో ఏదో చెప్తున్నాడు, చేతులు ఊపుతూ. కిటికీ అద్దాలు మూసి ఉన్నాయి, నాకు వినబడలేదు.

నేను ఒక్కదాన్నే వంతెన దాటి స్టేషన్‌కి వెళ్ళాను. పదింటి మనిషి లేడు. డ్వైట్ గదిలోంచి తల బయటపెట్టి, కొత్తవాళ్ళు దొరికేదాకా మైకు ముందు కూర్చోగలరా అని అడిగాడు. కూర్చున్నాను. పదకొండేళ్ళు కూర్చున్నాను.